టేపుతో కొలిచిన పుట్టిల్లు

మా పుట్టింటిని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అదేమిటమ్మా, పుట్టిల్లు కదా, సంతోషించాలి కదా అని మీరు అనొచ్చు. ఆ మెప్పు నాకు దక్కితే సంతోషించేదాన్నే. అదంతా మా వదినకు పోతుంది. మా నాన్న కట్టిన ఇల్లు, మేం అన్నాచెల్లెళ్ళం పుట్టి పెరిగిన ఇల్లు, చివరికి పేరు మాత్రం దేవరాపల్లి నుంచి వచ్చిన కోడలికి!

ఆమధ్య విశాఖపట్నం నుంచి ఇళ్ళ కట్టడం గురించి చదువుకునే పిల్లలు బస్సు వేసుకుని వచ్చారు. అరవైల నాటి ఇల్లు లోపల ఇంత చెక్కుచెదరకుండా ఉండటం ఎక్కడా చూడలేదంటూ నేలకు ఫోటో తీశారు, కప్పుకు ఫోటో తీశారు, ఆఖరికి నల్ల స్విచ్చులకు కూడా తీశారు. మా వదిన గంజి పెట్టిన చీర కట్టుకుని, "ఇది మావగారు దగ్గరుండి పోయించిన నేలండి. ఆ కుర్చీలు మద్రాసులో బొమ్మ గీయించి తెచ్చి ఇక్కడ సేయించినవండి" అంటూ ముందు నడుస్తోంది. నేను వాళ్ళ వెనకాల నడుస్తున్నాను. అందులో ఒక పిల్ల నావైపు తిరిగి, "ఆంటీ, మీరు పక్కింటివాళ్ళా?" అని అడిగింది.

పక్కింటివాళ్ళట! ఆ నేల మీద నేను పాకాను తల్లీ అందామనుకున్నాను. ఆ పసుపు, ఆకుపచ్చ రాతిముక్కలు లెక్కపెడుతూ మూతి పగలగొట్టుకున్నదాన్ని నేనే అందామనుకున్నాను. అనలేదు. పళ్ళు ఇకిలించి, "కాదమ్మా, ఈ ఇంటి ఆడపడుచుని" అన్నాను. ఆ పిల్ల "ఓ" అని మళ్ళీ వదిన వెనకాల పోయింది. ఆడపడుచంటే అంతే, ఓ అంటే సరిపోతుంది.

నాన్న బెల్లం కమిషన్ వ్యాపారి. ఆ రోజుల్లో అనకాపల్లిలో మా వాళ్ళందరివీ పెంకుటిళ్ళే. ముందు అరుగు, వెనక బెల్లం దిమ్మల కొట్టు. నాన్న పనిమీద మద్రాసు వెళ్ళి అక్కడ ఎవరిదో ఇల్లు చూసి వచ్చారు. అంతే, పూనకం పట్టినట్టు అదే ఇల్లు కావాలన్నారు. ముందు సన్నటి ఇనుప గొట్టాల మీద వాలుగా నిలబడ్డ పోర్టికో, ఒక పక్క గుండ్రంగా తిరిగిన హాలు. ఇల్లు పూర్తయ్యేసరికి బజారంతా వచ్చి చూసింది. బెల్లం మార్కెట్లో నాన్న స్నేహితుడొకాయన, "ఇదేటి బావా, ఇల్లు కట్టేవా పెట్రోలు బంకు కట్టేవా?" అన్నారట. నాన్న అది మెచ్చుకోలే అనుకున్నారు. పోర్టికో సంగతి వచ్చినప్పుడల్లా ఆ మాట తనే చెప్పుకుని నవ్వేవారు.

లోపల ఇంకా వింత. హాలుకూ భోజనాల గదికీ మధ్య గోడ లేదు. నేల నుంచి కప్పు దాకా వరసగా నిలబెట్టిన టేకు బద్దల తడిక, అంతే. కుర్చీలకు సన్నటి కాళ్ళు, అవి కూడా బయటికి చాచుకుని ఉంటాయి. అప్పుడే పుట్టిన దూడల్లా నిలబడ్డాయి, కూర్చుంటే విరిగి పడతాయని మా నాయనమ్మ పోయేదాకా వాటి మీద కూర్చోలేదు. మధ్యలో జీడిపప్పు ఆకారంలో ఒక టీపాయి. దాన్ని మేం జీడిపప్పు బల్ల అనేవాళ్ళం. పడమటి గోడంతా సిమెంటు జాలీ. సాయంత్రం పూట ఆ కంతల్లోంచి ఎండ నేలమీద పడేది, నేనూ అన్నయ్యా ఆ గళ్ళల్లో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం.

నన్ను ఇదే ఊళ్ళో, రైలుకట్ట అవతలికి ఇచ్చారు. ఆటో ఎక్కితే చాలు, పుట్టిల్లు. దూరాన ఇచ్చిన ఆడపిల్లకు పుట్టింటి మీద బెంగ ఉంటుంది. దగ్గరలో ఇచ్చినదానికి కుళ్ళు ఉంటుంది. రోజూ సాయంత్రం వెళ్ళేదాన్ని, ఇప్పటికీ వెళతాను. వెళ్ళినప్పుడల్లా ఆ ఇంట్లో నాది కాని వస్తువు ఒకటి కొత్తగా కనపడేది. మంచినీళ్ళు ఎక్కడున్నాయో తెలిసి కూడా అడిగి తాగాలి. నా చేత్తో నేను తీసుకుంటే, "అయ్యో, నాను ఇవ్వనా మరదలా" అంటుంది వదిన. మర్యాదగానే అంటుంది. ఆ మర్యాదే నాకు కారం పూసినట్టుంటుంది.

మా ఇంట్లో మాత్రం నేను ఏదీ ఉండనివ్వలేదు. మామగారి నాటి టేకు బీరువాలు తీసేశాను, నేలకు అద్దంలా మెరిసే టైల్స్ వేయించాను, కప్పుకింద ఇంకో కప్పు పెట్టించి అందులో లైట్లు పెట్టించాను. అప్పట్లో చుట్టాలందరూ నన్నే మెచ్చుకున్నారు. మా వదినను పాతచింతకాయ పచ్చడి అన్నారు. అన్నవాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఇప్పుడేమో ఆ పచ్చడికే బస్సులు కట్టుకుని వస్తున్నారు! నా ఇంటిలాంటి ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంది, ఎవరూ ఫోటో తీయరు.

వదిన వచ్చిన కొత్తలో ఆ నున్నటి నేలమీద గోడ పట్టుకుని నడిచేది. చెరకు తోటల్లో పెరిగిన మనిషి, ఆ నేల చూసి భయపడింది. నేను కడుపుబ్బ నవ్వాను. మా అమ్మే ఆమె చెయ్యి పట్టుకుని, "కాలు ఆన్చి నడువే కోడలా, జారదు" అని హాలంతా తిప్పింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు చెయ్యి పట్టుకోవడం అటుది ఇటైంది.

అమ్మకు నీటికాసులు వచ్చాయి. చూపు అంచులనుంచి తినుకుంటూ వచ్చి, చివరికి మొత్తం పోయింది. పోయింది తిరిగి రాదని డాక్టర్లు చెప్పేశారు. సరిగ్గా అప్పుడే అన్నయ్య ఆ ఇల్లు బాగు చేయిద్దామనుకున్నాడు. మొజాయిక్ పగలగొట్టి టైల్స్, కొత్త సోఫాలు, తడిక తీసేసి గోడ. టైల్స్ నమూనాలు కూడా తెచ్చి పెట్టాడు. వదిన వద్దంది. పిసినారితనం అనుకున్నాను నేను. మొండితనం అని కూడా అన్నాను, ఆమెకు వినపడేలాగే.

అసలు సంగతి నాకు తెలిసింది ఆ బస్సులో వచ్చిన పిల్లల ముందు. వాళ్ళ మేష్టారు, ఇన్నేళ్ళు ఒక్కటీ మార్చకుండా ఎలా ఉంచారమ్మా, మీకు మార్చాలనిపించలేదా అని అడిగాడు. వదిన సిగ్గుపడుతూ చెప్పింది.

"ఎందుకనిపించదండీ? నాకూ అనిపించీది. అత్తగారికి కళ్ళు పోయేక మరి కదపలేదండి. ఆవిడికి ఈ ఇల్లు కాళ్ళకి తెలుసు, సేతులకి తెలుసు. కుర్చీ జానెడు జరిపేమంటే దెబ్బ తగిలిపోద్ది కదండీ."

ఆ మాట అంటూ ఉండగానే అమ్మ తన గదిలోంచి వచ్చింది. ఒక్కతే. చేతికర్ర లేదు, ఎవరూ పట్టుకోలేదు. ఎడం చేత్తో టేకు బద్దలు తడుముకుంటూ వచ్చి, చివరి బద్ద దగ్గర ఆగి, జీడిపప్పు బల్ల వంపు వెంట తిరిగి, తన కుర్చీలో కూర్చుంది. కూర్చుని కొంగు సర్దుకుని, "ఎవరో సానామంది వచ్చినట్టున్నారే కోడలా, టీలిచ్చేవా?" అంది. నన్ను పక్కింటిదానివా అన్న పిల్ల కళ్ళు తుడుచుకుంది. నాకూ నీళ్ళు తిరిగాయి. కానీ నిజం చెప్పొద్దూ, నావి మాత్రం ఓర్వలేని నీళ్ళు. నా తల్లికి ఇంకొకతె చూపు తెచ్చి ఇచ్చింది, నేను ఇవ్వలేదు. అప్పటిదాకా నేను కుళ్ళుకున్నది ఇంటిని చూసి. ఆ రోజునుంచి మా అమ్మను చూసి కుళ్ళుకోవడం మొదలుపెట్టాను.

ఎందుకంటే అమ్మ మా ఇంటికి ఒకే ఒక్కసారి వచ్చింది, చూపు పోయాక. వచ్చిన పది నిమిషాల్లో గాజుబల్ల అంచు మోకాలికి తగిలింది. ఆ మెరిసే టైల్స్ మీద కాలు జారబోయింది. హాలు మధ్యలో రెండు చేతులూ ముందుకు చాచి నిలబడిపోయి, "నన్నెక్కడ ఒగ్గేసేరే?" అంది. సాయంత్రం కాకుండానే తీసుకెళ్ళిపొమ్మంది. ఉండమ్మా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "మీ ఇంట్లో నాకు దారి తెల్దే అమ్మాయ్" అంది. తల్లి నోట ఆ మాట వింటే ఎలా ఉంటుందో ఆడపిల్లను కన్నవాళ్ళకు తెలియదు, ఆడపిల్లలకే తెలుస్తుంది.

మొన్న చలికాలంలో నాకు సందు దొరికింది. వదిన కూతురికి తొలికాన్పు. డాక్టర్లు ప్రయాణం వద్దన్నారు కాబట్టి పిల్లను పుట్టింటికి తీసుకురావడానికి లేదు, వదినే హైదరాబాదు వెళ్ళి రెండు నెలలుండాలి. అన్నయ్యకు అన్నం వార్చడం కూడా రాదు. అమ్మను ఎవరు చూస్తారని వాళ్ళు తర్జనభర్జన పడుతుంటే, నేను చూస్తాను అన్నాను. గొంతు ఎంత మామూలుగా పెట్టినా లోపల గంతులేశాను. రెండు నెలలు అమ్మ నా దగ్గర ఉంటుంది. అలవాటు పడిందంటే ఇంక పంపేది లేదు, వదిన వచ్చి అడిగినా సరే. పురుడు వాళ్ళది, పండగ నాది.

అమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు. మా వాళ్ళలో కూతురింట్లో ఒక పూటకు మించి చెయ్యి కడగకూడదంటారు. కాలం మారిందమ్మా అంటే, "నాను మారలేదు గదే" అంది. చివరికి ఒక షరతు పెట్టింది. ఆమె తినే బియ్యం, కందిపప్పు, చింతపండు అన్నీ వాళ్ళింటినుంచే రావాలి. "ఆడపిల్లింట్లో ఉత్తినే తింటానేటే? నా తిండి నాను తెచ్చుకుంటాను. నువ్వు ఉడకెయ్యి, సాలు" అంది. ఆ బియ్యం కూడా వదిన చెరిగి డబ్బాలకెత్తి పంపిందే! పోనీలే, మనిషి వస్తోంది కదా అని ఊరుకున్నాను.

దారి తెలియదన్న మాటకు మాత్రం నా దగ్గర మందు ఉంది. మా ఇంట్లో అదే హాలు కట్టేస్తే? ఆలోచన వచ్చిన మర్నాడే టేపు కొని చేతిసంచిలో వేసుకుని పుట్టింటికి వెళ్ళాను. వదిన వంటింట్లో టీ పెడుతుంటే నేను హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని, గుమ్మం నుంచి తడికకు, తడిక నుంచి బల్లకు, బల్ల నుంచి అమ్మ కుర్చీకి కొలుస్తున్నాను. అమ్మ లోపల పడుకుని ఉంది. నా పుట్టింటి కొలతలు నేను దొంగతనంగా తీసుకోవలసి వచ్చింది, చూడండి నా ఖర్మ!

టేపు రెండో కొస జారి సర్రుమని వెనక్కి వచ్చింది. తలెత్తితే వదిన, చేతిలో టీ గ్లాసులతో. నాకు తల కొట్టేసినట్టయింది. ఏమైనా అంటుందేమో, అంటే దులిపేద్దామని నేనూ సిద్ధంగానే ఉన్నాను. ఆమె గ్లాసులు కిందపెట్టి, కొంగు బొడ్లో దోపుకుని, టేపు కొస పట్టుకుని అవతలికి వెళ్ళి కూర్చుంది.

"బల్ల కాలికాడ్నించి కాదు మరదలా, అంచుకాడ్నించి కొలు. అత్త సెయ్యి తగిలేది అంచుకే" అంది.

ఆ రోజు ఆమె చెప్పినవన్నీ నాకు తెలియని సంగతులు. కుర్చీలోంచి లేచినప్పుడు అమ్మ ముందు ఎడం చెయ్యి చాపుతుందట, అక్కడ ఏదో ఒకటి తగలాలట, ఖాళీగా ఉంటే భయపడుతుందట. భోజనాల గది మొదట్లో నేల ఒకచోట పెచ్చు ఊడి ఉంది, అది అరికాలికి తగలగానే కుడివైపు తిరుగుతుందట. "ఆ పెచ్చు బాగు సేయిత్తానని మీ అన్నయ్య నాలుగుసార్లు అన్నారు, నాను ఒల్లనన్నాను" అంది వదిన. నా తల్లి నడక నాకు ఆమె నేర్పుతోంది. ఇన్ని సంగతులు ఒక మనిషికి ఎలా తెలుస్తాయి, పక్కన ఉంటే తప్ప? ఆ పక్కన ఉండటమే కదా నాకు లేనిది.

ఇంటికి వచ్చి వడ్రంగిని పిలిచాను. మెరిసే టైల్స్ పీకించి గరుకువి వేయించాను. మా హాలు పొడుగు ఎక్కువ, అందుకని టేకు తడిక కాస్త ఇవతలికి పెట్టించాను. దూడకాళ్ళ కుర్చీలు, జీడిపప్పు బల్ల, అన్నీ ఫోటోలు చూపించి అచ్చంగా చేయించాను. భోజనాల బల్ల ముందు కొత్త నేలను ఒకచోట సుత్తితో కొట్టించి పెచ్చు లేపించాను. ఆ పనివాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. మా ఆయన అయితే, "అత్తగారికి గది సర్దుతున్నావా, సినిమా సెట్టింగు వేత్తన్నావా? నాను కూడా మీ నాన్నలా పంచె కట్టుకోవాలేటి?" అన్నాడు. మీరు నోరు మూసుకుంటే చాలన్నాను. ఆ ఇంటి వెనక కొట్టులోంచి ఎప్పుడూ బెల్లం వాసన వస్తూ ఉంటుంది. అదెందుకు వదలాలని ఒక బెల్లం దిమ్మ తెప్పించి తడిక వెనకాల పెట్టాను. చీమలు బారులు తీరాయి. చుట్టూ చీమలమందు గీత గీశాను గాని దిమ్మ తీయలేదు.

అన్నయ్య కారులో దింపిన రోజు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మ గుమ్మం దాటింది. ఎడం చెయ్యి చాపింది. బద్ద తగిలింది. ఒక్క క్షణం ఆగి, రెండో బద్ద తడిమింది, మూడోది తడిమింది. తర్వాత నడిచింది. బల్ల వంపు వెంట తిరిగి తన కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంది. అన్నయ్య నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నేను వంటింట్లోకి పరిగెత్తి, తలుపు వెనకాల నిలబడి ఏడ్చాను. ఆ వెంటనే కన్నీళ్ళు తుడుచుకుని హైదరాబాదు ఫోను చేశాను.

"వదినా, అమ్మ మా ఇంట్లో ఒక్కతే నడిచేస్తోంది!"

"పోన్లే మరదలా, సుకంగా ఉంది గదా, నాకూ బెంగ తీరింది" అంది ఆమె. ఇంకొంచెం బాధపడుతుందేమో అనుకున్నాను. పడలేదు. లేదా పడి దాచుకుంది, మహానుభావురాలు.

మొదట్లో రోజులు బంగారంలా గడిచాయి. అమ్మ తన బియ్యం అన్నం తింది, తన చింతపండు చారు తాగింది, మధ్యాహ్నం పడుకుంది, లేచి హాల్లోకి వచ్చింది. ఎక్కడా తడుముకోలేదు. నేను తెల్లారి లేచిన దగ్గర్నుంచి ఆమె చుట్టూనే తిరిగాను. నీళ్ళు కాచాను, జడ వేశాను, మందులు ఇచ్చాను, బట్టలు ఉతికాను. "కోడలా, కాసిన్ని మంచినీళ్ళు" అని పిలిచేది. పొరపాటున నోటికొచ్చింది, ఇన్నేళ్ళ అలవాటు కదా అనుకున్నాను. కోడలు కాదమ్మా, నేను అంటే, "ఆఁ, నువ్వేలే" అనేది. మరపు వచ్చింది, వినికిడి కూడా తగ్గింది, గట్టిగా చెప్పాలి. గంట తిరిగేసరికి మళ్ళీ కోడలా అనే. పనిలో పడి నేనూ దిద్దడం మానేశాను. కోడలా అంటే ఆఁ అనేదాన్ని.

ఒక సాయంత్రం అమ్మ నిద్రలేచి మొహం కడుక్కుని, చీర మార్చమంది. కుర్చీలో వీధితలుపు వైపు తిరిగి కూర్చుంది. నేను మాపటికి పులుసు పెడుతున్నాను.

"తలుపు తీసి ఉంచే కోడలా. అదొచ్చే ఏలయింది" అంది.

"ఎవరమ్మా?"

"ఎవరేటి? మా అమ్మాయి. నాలుగు రోజులై రాలేదు. ఒంట్లో బాగోలేదేటో. ఒకపాలి ఫోను సెయ్యవే."

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటె కింద పెట్టేశాను. అమ్మ ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. నేను అంత బాగా కట్టాను! బద్దలూ, బల్లా, పెచ్చూ, బెల్లం వాసనా అన్నీ పెట్టి, ఆమె మా ఇంటికి వచ్చిందన్న సంగతి ఆమెకే తెలియకుండా చేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఆమె ముందు కూలబడి రెండు చేతులూ పట్టుకున్నాను. "అమ్మా, నేనే. మీ అమ్మాయిని. నువ్వు మా ఇంటికే వచ్చావు. అన్నయ్య కారులో తెచ్చాడు కదా!"

అమ్మ నా చేతులు తడిమింది. చింతపండు పిసికిన చేతులు, గిన్నెలు తోమి పగిలిన చేతులు. నవ్వేసింది.

"ఏలాకోలాలాడకే కోడలా. దాని సెయ్యి ఇలాగుంటాదేటి? అది పౌడరు రాసుకుని, మడత సీర కట్టుకుని వత్తాది. అది గుమ్మంలో కాలెడితేనే తెలిసిపోద్ది నాకు."

"అదొచ్చి ఏం చేస్తుందమ్మా? అరగంట కూర్చుని పోతుంది" అన్నాను. గొంతు ఎందుకో వదిన గొంతులా వచ్చింది.

"ఏటి సేత్తాదంటే ఏటి సెప్పనే? అదొత్తాదనే గదా నాను మజ్జానం పడుకుని లెగుత్తాను. పొద్దుటేల నుంచి నాకున్న పని అదొక్కటే గదా. పాపం, నువ్వు సాకిరీ సేత్తావు, కాదన్ను. ఎదురుసూడ్డానికి మాత్తరం అదే ఉంది నాకు."

ఈ మాట ఏనాడూ నాతో అనలేదు. రోజూ వెళితే, "వచ్చేవేటే, కూకో" అనేది, అంతే. ఆ ఒక్క ముక్కా విని, ఈవిడకు నేనంటే లెక్కలేదని కుళ్ళుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని. నా కోసం పొద్దుటినుంచీ కూర్చునేదన్న సంగతి ఇవాళ కోడలిగా ఉంటే తెలిసింది.

లేచాను. పొయ్యి కట్టేశాను. గదిలోకి వెళ్ళి మడత చీర కట్టుకున్నాను, చేతులకు సబ్బు పెట్టి చింతపండు వాసన పోయేదాకా తోముకున్నాను, మెడకూ చేతులకూ పౌడరు రాసుకున్నాను. పెరటి తలుపులోంచి బయటికి వచ్చి, సందు తిరిగి, మా వీధి గేటు తీసుకుని మా ఇంటికి వచ్చాను. మా ఆయన గేటు దగ్గర నిలబడి, "ఎక్కడికెళ్ళొత్తన్నావు?" అని అడిగాడు. నేను నేరుగా లోపలికి వెళ్ళాను.

"అమ్మా, నేనొచ్చాను."

ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. అంటే, రోజూ నేను గుమ్మంలోకి వచ్చినప్పుడు అదే మొహం అయి ఉంటుంది. నేనెప్పుడూ వదినేం చేస్తోందో చూడటానికి వంటింటివైపు చూసుకుంటూ వచ్చేదాన్ని కదా, ఇటు చూసింది ఎప్పుడు?

"ఏటే, ఇన్నాళ్ళు రాలేదు? నీ మొగుడికి బాగోలేదేటి? కూకో, కూకో" అని నా చెయ్యి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. దగ్గరికి వంగి, గొంతు తగ్గించింది. "ఈమజ్జ కోడలి వంట బాగోడం లేదే. సారులో ఉప్పు మరీ ఎక్కువేత్తంది. దానితో అనకు, మనసు కట్టపెట్టుకుంటాది." వెంటనే వంటింటివైపు తిరిగి గొంతెత్తింది. "కోడలా, అమ్మాయొచ్చిందే! టీ ఎట్టు!"

వంటింట్లో ఎవరూ లేరు. కాసేపు కూర్చున్నాను. మళ్ళీ పిలిచింది. లేచి వెళ్ళి నీళ్ళు పొయ్యిమీద పెట్టాను. తడిక సందుల్లోంచి హాల్లోకి చూస్తే అమ్మ ఆ ఖాళీ కుర్చీతో ఏదో చెబుతోంది, నవ్వుతోంది. రోజంతా నేను చేసిన చాకిరీకి ఆ నవ్వులో చిటికెడు కూడా రాలేదు. అంతా ఆ అరగంట చుట్టపుదానికే. దాన్ని, ఆ పౌడరు రాసుకుని వచ్చేదాన్ని, జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చెయ్యాలనిపించింది. ఎవరిని ఈడుస్తాను?

టీ మరుగుతుండగానే వదినకు ఫోను చేశాను. మనవరాలు పుట్టిన సంబరంలో ఉంది. నా గొంతు వినగానే ఏమైందని కంగారుపడింది.

"వదినా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నేను రోజూ సాయంత్రం వచ్చి పోతుంటే నీకెలా ఉండేది?"

వదిన చిన్నగా నవ్వింది.

"ఇప్పుడెందుకు మరదలా అయన్నీ? పొద్దుట్నుంచీ ఎత్తుకుని దించేది నాను. నువ్వొచ్చే ఏలకి ఆవిడ మొకం ఎలిగిపోయీది. నీకు టీ కాసేటప్పుడు, ఈ ఆడపడుచు గుంట ఒక్క రోజు రాకుండా ఉంటే బాగుణ్ణని అనుకునీదాన్ని. అనుకోకుండా ఉంటానేటి? ఎవరికి సెప్పుకుంటాను?"

హాల్లోంచి అమ్మ, టీ ఏమైందే అంటోంది.

"ఏటి, ఆవిడికి అక్కడ బాగోలేదా?" అంది వదిన.

"బాగుంది వదినా. అన్నీ బాగున్నాయి. నేను రావడం లేదని బెంగపెట్టుకుంది."

"మరేటి సేత్తావు?" అంది వదిన.

"నువ్వొచ్చి తీసుకెళ్ళేదాకా, సాయంత్రం అయ్యేసరికి ఒకసారి వచ్చి పోతాను" అన్నాను.